ముగ్గురు వెంకటేశ్వర్లు, ఒక లిస్టు

చాట్ యాప్‌లో పైనుంచి నాలుగో వరస మీద వేలు పెట్టబోతుంటారు. సరిగ్గా అప్పుడే ఇంకెవరో మెసేజ్ పంపుతారు. వరసలన్నీ ఒక మెట్టు కిందికి జారతాయి. ఫ్రెండ్‌కి వెళ్లాల్సిన మీమ్ కాస్తా పెదనాన్నకి వెళ్లిపోతుంది. మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగిందే.

కానీ ఒక సంగతి గమనించండి. అక్కడ గురి తప్పింది మీ వేలు మాత్రమే. వేలు ఏ వరస మీద పడిందో, ఆ వరస మనిషి చాటే తెరుచుకుంది. వరసలు రోజుకు వందసార్లు పైకీ కిందికీ మారుతుంటాయి. మీ ఫోన్‌లో రవి అనే పేరుతో ఇద్దరో ముగ్గురో ఉంటారు. అయినా ఏ వరస ఎవరిదో యాప్‌కి అనుమానం రాదు. తెర మీది పేరు చదివి తెలుసుకోవడం లేదన్నమాట. ప్రతి వరసకీ వెనకాల, మనకు కనబడకుండా, ఒక గుర్తు కట్టి ఉంటుంది.

లాండ్రీలో చొక్కా కాలర్ లోపల చెరగని సిరాతో చిన్న గుర్తు వేస్తారు చూడండి, అలాంటిదే. వేసుకున్నవాడికి అది కనబడదు, చూసేవాళ్లకీ కనబడదు. కానీ నూట యాభై తెల్లచొక్కాల్లోంచి మీ చొక్కా మీ ఇంటికే రావడానికి ఆ గుర్తే ఆధారం. చొక్కా రంగు చూసి పంచితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఈ వారం ఆ గుర్తు గురించే. ఫోన్ యాప్‌ల సంగతి చివర్లో కొంచెం వస్తుంది. ముందు డెస్క్‌టాప్ ప్రోగ్రాములు. ఎందుకంటే కాలేజీ ప్రాజెక్టని, ఇంట్లోవాళ్ల కొట్టుకోసమని మీలో చాలామంది పైథాన్‌తో మొదట రాసేది అవే. అక్కడే ఈ గుర్తు వేయడం మర్చిపోతున్నారు.

మా పిన్ని కొడుకు బీటెక్ మూడో సంవత్సరం. వాళ్ల మేనమామకి ఎరువుల కొట్టు ఉంది. ఊళ్లో రైతులు వానాకాలం మొదట్లో యూరియా, డీఏపీ, పురుగుమందులు అప్పు మీద తీసుకెళ్తారు, పంట అమ్మాక కడతారు. ఇదంతా పెద్ద ఖాతా పుస్తకంలో ఉండేది. మావాడు దాన్ని కంప్యూటర్‌కి ఎక్కించాడు. కొట్టులో ఉన్నది విండోస్, వాడి లాప్‌టాప్‌లో లినక్స్. రెండింటి మీదా ఒకే కోడ్ నడవాలని పైథాన్‌లో క్యూటీ వాడాడు. దాన్ని అసలు 'క్యూట్' అని పలకాలట, మనవాళ్లంతా క్యూటీ అనే అంటారు, నేనూ అంతే. ఎడమవైపు రైతుల పేర్ల లిస్టు. పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే కుడివైపు ఆయన ఖాతా. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

సీజన్ చివర్లో ఒక పెద్దాయన వచ్చి 18,000 కట్టి వెళ్లాడు. మళ్లీ సీజన్‌లో యూరియా బస్తాల కోసం వస్తే, పాత బాకీ అలాగే ఉందని కంప్యూటర్ చెప్పింది. కట్టానయ్యా అన్నాడాయన. మేనమామ మానిటర్ ఆయనవైపు తిప్పి చూపించాడు. తెర మీద ఉన్నదే వేదం కదా. పదిమంది ముందు ఆ మాట పడ్డాక ఆయన ఇంటికెళ్లి, దూలంలో దోపిన రసీదు చీటీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. డబ్బు నిజంగానే కట్టాడు. అది ఇంకో వెంకటేశ్వర్లు ఖాతాలో జమ అయింది. ఆ ఊళ్లో వెంకటేశ్వర్లు ముగ్గురు. అందులో ఇద్దరికి ఇంటిపేరు కూడా ఒకటే.

ఆ చీటీ దొరక్కపోయి ఉంటే ఆయన మరోసారి 18,000 కట్టాల్సి వచ్చేది. నాకు ఈ సంగతిలో అన్నిటికన్నా భయం వేసింది అక్కడే.

మావాడు నాకు ఫోన్ చేసి అన్న మొదటి మాట, "అన్నా, కోడ్‌లో ఎర్రర్ ఏం రావట్లేదు." రాదు మరి. వాడి కోడ్ చేసే పని ఇది: డబుల్ క్లిక్ చేసిన వరసలో ఉన్న అక్షరాలు తీసుకో, డేటాబేస్‌లో ఆ పేరు వెతుకు, మొదట దొరికినవాడి ఖాతా తెరువు. ముగ్గురిలో ఎవరి మీద క్లిక్ చేసినా తెరుచుకునేది మొదటాయన ఖాతాయే. ప్రోగ్రాం ఆగిపోలేదు, ఎర్ర అక్షరాలు రాలేదు. నోరు మెదపకుండా డబ్బు ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాలోకి మారిపోయింది. క్రాష్ అయ్యే ప్రోగ్రాం దీనికన్నా చాలా మంచిది, కనీసం మనకు తెలుస్తుంది.

వాడు వెంటనే చేసిన మొదటి రిపేరు, పేరు పక్కన బ్రాకెట్లో తండ్రి పేరు చేర్చడం. తర్వాత కోడ్‌లో ఆ బ్రాకెట్ దగ్గర అక్షరాల్ని విడగొట్టి వెతకడం. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు మేనమామ ఒకాయన పేరులోనే బ్రాకెట్ పెట్టి "(మిల్లు దగ్గర)" అని టైప్ చేశాడు. అయిపోయింది.

రెండో రిపేరు, వరస నంబరు వాడటం. లిస్టులో మూడో వరస అంటే పైథాన్ లిస్టులో మూడో రైతు. ఇది చాలామంది చేసేదే, కాలేజీ ల్యాబుల్లో నేర్పేది కూడా ఇదే. మేనమామ టేబుల్ తలకట్టు మీద నొక్కి, బాకీ ఎక్కువ ఉన్నవాళ్లు పైన వచ్చేలా సార్ట్ చేశాడు. తెర మీద వరసలు మారాయి, వెనక పైథాన్ లిస్టు మారలేదు. ఇప్పుడు ముగ్గురు వెంకటేశ్వర్లకే కాదు, ఊరందరికీ తప్పు ఖాతాలే.

అప్పుడు ఫోన్ నాకు వచ్చింది. నేను చెప్పింది ఒకే ఒక్క లైను. లిస్టులో వరస తయారుచేసేటప్పుడే ఐటెమ్ డాట్ సెట్‌డేటా అని రాసి, దానికి రెండు ఇవ్వు: ఒకటి యూజర్‌రోల్, రెండోది డేటాబేస్‌లో ఆ రైతు నంబరు. క్లిక్ చేసినప్పుడు ఐటెమ్ డాట్ డేటా, బ్రాకెట్లో యూజర్‌రోల్ అని అడుగు, ఆ నంబరు తిరిగి వస్తుంది. పేరు చూడకు, వరస లెక్కపెట్టకు.

ఈ యూజర్‌రోల్ అంటే ఏంటో కొంచెం విడమర్చి చెప్పాలి. క్యూటీలో లిస్టు ఐటెమ్‌కి, టేబుల్ గడికి చాలా జేబులుంటాయి. ఒక్కో జేబుకి ఒక నంబరు. 0 నంబరు జేబులో ఉన్నదే తెర మీద అక్షరాలుగా కనిపిస్తుంది. 1లో బొమ్మ, అంటే ఐకాన్. 3లో మౌస్ పెడితే తేలే చిన్న వివరణ. ఇలా కింది నంబర్లన్నీ క్యూటీ తన సొంతానికి ఉంచుకుంది. 256 నుంచి పైవి మీవి. ఆ 256కే యూజర్‌రోల్ అని పేరు. అందులో ఏం పెట్టినా క్యూటీ తెర మీద చూపించదు, ముట్టుకోదు, మీరు అడిగితే ఇస్తుంది. ఒకటి చాలకపోతే యూజర్‌రోల్ ప్లస్ 1, ప్లస్ 2 అంటూ వెళ్లొచ్చు. జేబు ఐటెమ్‌కే కుట్టి ఉంటుంది కాబట్టి సార్ట్ చేసి ఐటెమ్ ఎక్కడికి పోయినా నంబరు దాంతోపాటే పోతుంది.

డ్రాప్‌డౌన్‌కి, అంటే కాంబో బాక్స్‌కి, ఇది ఇంకా తేలిక. యాడ్‌ఐటెమ్ అన్నప్పుడు పేరు పక్కనే రెండో విలువగా నంబరు ఇచ్చేస్తే చాలు. తర్వాత కరెంట్‌టెక్స్ట్ బదులు కరెంట్‌డేటా అని అడగడమే. పాత రికార్డు తెరిచినప్పుడు సరైన మనిషి ఎంపికై కనిపించాలంటే ఫైండ్‌డేటాకి నంబరు ఇస్తే ఎన్నో ఐటెమో చెప్తుంది, లేకపోతే మైనస్ 1 ఇస్తుంది. ఆ మైనస్ 1ని పట్టించుకోండి.

టేబుల్ దగ్గర మాత్రం రెండు చోట్ల జాగ్రత్త కావాలి. ఒకటి, జేబు గడికే ఉంటుంది, మొత్తం వరసకు కాదు. మీరు నంబరు మొదటి కాలమ్ గడిలో పెట్టి, క్లిక్ అయిన మూడో కాలమ్ గడిని అడిగితే ఖాళీయే వస్తుంది. కాబట్టి ఎప్పుడూ ఆ వరసలోని మొదటి గడినే అడగాలి. రెండోది ఇంకా చిత్రమైనది. సార్టింగ్ ఆన్‌లో ఉంచి టేబుల్ నింపితే, మీరు ఒక వరసలో మొదటి గడి పెట్టగానే ఆ వరస సార్ట్ అయి వేరే చోటికి ఎగిరిపోవచ్చు. మీరు రెండో గడి పెట్టేసరికి అక్కడ ఇంకో రైతు కూర్చుని ఉంటాడు. వెంకటేశ్వర్లు పక్కన యాదగిరి బాకీ. అందుకే నింపేముందు సార్టింగ్ ఆపేసి, నింపాక ఆన్ చేయాలి. ఇది డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. మనం అది ఎప్పుడు చదువుతాం? కొట్టు ముందు గొడవయ్యాక.

ఇలాంటి జేబు క్యూటీ ఒక్కదాని గొప్పేం కాదు. నార్వేలో పుట్టిన క్యూటీ 1995లో జనంలోకి వచ్చింది. అంతకుముందే 1992లో, ఎడిన్‌బరో యూనివర్సిటీలో జూలియన్ స్మార్ట్ మొదలుపెట్టిన డబ్ల్యుఎక్స్‌విడ్జెట్స్ ఉంది, ఫైల్‌జిల్లా దాని మీదే నడుస్తుంది. ఫొటోలు దిద్దే జింప్ కోసం పుట్టిన జీటీకే ఉంది. విండోస్, లినక్స్‌లలో మీరు చూసే వీఎల్‌సీ, డెస్క్‌టాప్ టెలిగ్రామ్, స్ట్రీమర్లు వాడే ఓబీఎస్, ఇవన్నీ క్యూటీ. జావా స్వింగ్ ఉంది, పాస్కల్ వాళ్ల లాజరస్ ఉంది. వేర్వేరు దేశాలు, వేర్వేరు భాషలు. ఒకదానికొకటి పోలిక లేని ఈ టూల్‌కిట్లన్నిటిలో ఈ జేబు మాత్రం ఉంది. పేర్లే వేరు. డబ్ల్యుఎక్స్‌లో క్లయింట్ డేటా. లాజరస్‌లో ట్యాగ్. స్వింగ్‌లో క్లయింట్ ప్రాపర్టీ. జీటీకేలో ఏ వస్తువుకైనా ఒక పేరు పెట్టి డేటా తగిలించొచ్చు.

కారణం సులువే. లిస్టు తయారుచేసినవాడికి మీరు అందులో రైతుల్ని పెడతారో, రోగుల్ని పెడతారో, సినిమా పాటల్ని పెడతారో తెలియదు. తెలిసే అవకాశం లేదు. టైలర్ చొక్కాకి జేబు కుట్టేటప్పుడు మీరందులో పెన్ను పెడతారా బస్ పాస్ పెడతారా అని అడగడు కదా.

అయితే జేబులో పెట్టినదాన్ని చివర్లో ఎవరు తీసి పారేయాలి? పైథాన్ వాళ్లకి ఈ ప్రశ్న పెద్దగా ఎదురవదు, సీ ప్లస్ ప్లస్ వాళ్లకి ఇదే ప్రాణసంకటం. డబ్ల్యుఎక్స్‌విడ్జెట్స్ ఇందుకోసం రెండు రకాలు పెట్టింది. సెట్‌క్లయింట్‌డేటా అంటే అద్దె గిన్నెల లెక్క: టెంట్‌హౌస్ నుంచి మీరే తెచ్చారు, ఫంక్షన్ అయ్యాక మీరే తోమించి అప్పజెప్పాలి. లిస్టు పోయినా ఆ వస్తువు మెమరీలోనే ఉండిపోతుంది. సెట్‌క్లయింట్‌ఆబ్జెక్ట్ అంటే విస్తళ్లు: లిస్టుతోపాటే అదీ పోతుంది, లిస్టే తీసి పారేస్తుంది. ఒకే లిస్టులో రెండూ కలపకూడదు. జీటీకేలో అయితే డేటా తగిలించేటప్పుడే, వదిలించుకునే ఫంక్షన్ కూడా పక్కన ఇవ్వొచ్చు. ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. తెచ్చేరోజే ఎవరు తిరిగిస్తారో రాసుకోవడం.

ఇంకో ముచ్చట. డబ్ల్యుఎక్స్‌లో లిస్ట్‌కంట్రోల్ అనేది ఉంది, దాని జేబు లాంగ్ అనే రకం అంకెను పట్టేంత. చాలామంది అందులో మెమరీ అడ్రస్ దాచేవాళ్లు. 64 బిట్ లినక్స్‌లో లాంగ్ అంటే 64 బిట్లు, అడ్రస్ సరిపోతుంది. 64 బిట్ విండోస్‌లో లాంగ్ అంటే 32 బిట్లే. సగం అడ్రస్ తెగిపోతుంది. డెవలపర్ లాప్‌టాప్‌లో హాయిగా నడిచింది కొట్టులో కూలబడుతుంది. దానికోసం వాళ్లు సెట్‌ఐటెమ్‌ప్టర్‌డేటా అని వేరే జేబు ఇచ్చారు. 'ఒకసారి రాస్తే అన్నిచోట్లా నడుస్తుంది' అనే మాటని అన్నిచోట్లా ఒకసారి నడిపి చూశాకే నమ్మాలి.

సరే, జేబు ఉంది. అందులో ఏం పెట్టాలి? మావాడికి ఉత్సాహం ఎక్కువై రైతు మొత్తం వివరాలు, పేరు, ఊరు, బాకీ అన్నీ కలిపి ఒక డిక్షనరీ చేసి జేబులో కుక్కేశాడు. పైథాన్‌లో అది కుదురుతుంది కూడా. చిక్కు ఎక్కడంటే, అది ఉదయం లిస్టు నింపినప్పటి కాపీ. మధ్యాహ్నం ఇంకో విండోలో డబ్బు జమ చేస్తే డేటాబేస్‌లో బాకీ తగ్గుతుంది, జేబులో కాపీ పాతదే. ఇప్పుడు జేబులో చూసి బిల్లు కొడితే మళ్లీ అదే గొడవ. జేబులో నంబరొక్కటే ఉండాలి. గుడి బయట చెప్పుల స్టాండ్‌లో టోకెన్ ఇస్తారు, చెప్పులు చేతికివ్వరు. కావాల్సినప్పుడు టోకెన్ చూపించి ఆ క్షణాన అక్కడ ఉన్నదాన్ని తీసుకోవడమే. స్వింగ్ డాక్యుమెంటేషన్‌లో కూడా ఈ జేబు భారీ ఏర్పాట్ల కోసం కాదని రాసి పెట్టారు.

ఆ నంబరు ఏది కావాలన్నది ఇంకో తగువు. మేనమామ "ఫోన్ నంబరు పెట్టెయ్‌రా, ఎవరిది వాళ్లకే ఉంటుంది కదా" అన్నాడు. మన ఊళ్లలో ఒక ఫోన్ మీద అన్నదమ్ములిద్దరూ నడుస్తారు. ఆఫర్ వచ్చిందని సిమ్ మారుస్తారు. కొడుకు హైదరాబాద్ వెళ్తూ ఫోన్ పట్టుకెళ్తాడు. ఆధార్ అయితే? ఎరువుల కొట్టు లిస్టుకి ఊరందరి ఆధార్ నంబర్లు కట్టి ఉంచడమేంటి! కనబడనంత మాత్రాన భద్రంగా ఉన్నట్టు కాదు. జేబుకి తాళం ఉండదు. ఆ ప్రోగ్రాంలో ఏ మూల రాసిన కోడ్ అయినా చదివేయొచ్చు. వెబ్ పేజీల్లో ఇదే పనికి 'డేటా' అని మొదలయ్యే యాట్రిబ్యూట్లు వాడతారు. అవి బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ నొక్కిన ఎవరికైనా కనిపిస్తాయి. అందుకే పేరుకీ, ఫోన్‌కీ, దేనికీ సంబంధం లేని, డేటాబేస్ తనంతట తను ఇచ్చే వరస సంఖ్యే మేలు. అది ఎవరికి తెలిసినా ఎవరికీ నష్టం లేదు.

అందులోనూ ఒక మెలిక ఉంది. మావాడు వాడింది ఎస్‌క్యూలైట్. అందులో ఇంటీజర్ ప్రైమరీ కీ అని మాత్రమే రాస్తే, కొత్త నంబరు ఎప్పుడూ ఉన్నవాటిలో పెద్దదానికి ఒకటి కలిపి ఇస్తుంది. చివరి రైతు 212 అనుకోండి. ఆయన్ని డిలీట్ చేశారు. తర్వాత చేరిన రైతుకి మళ్లీ 212యే వస్తుంది. పాతాయన జమాఖర్చులు 212 పేరుతో ఇంకా మిగిలి ఉంటే అవన్నీ కొత్తాయన నెత్తిన పడతాయి. చేరీ చేరగానే బాకీ! ఆటోఇంక్రిమెంట్ అనే మాట చేర్చితే ఒకసారి వాడిన నంబరు మళ్లీ ఇవ్వదు. డబ్బు లెక్కల్లో అసలు రైతుని డిలీట్ చేయకుండా 'ఇప్పుడు రావట్లేదు' అని గుర్తు పెట్టుకోవడం ఇంకా మంచిది.

వరస వరసకీ ఒక బటన్ పెట్టేవాళ్లకి వేరే తిప్పలు. మావాడు ప్రతి రైతు పక్కనా 'రసీదు' బటన్ పెట్టాడు. ఫర్ లూప్‌లో బటన్లు చేసుకుంటూ, క్లిక్ అయితే ఈ రైతు రసీదు తెరువు అని లాంబ్డా రాశాడు. ఏ బటన్ నొక్కినా చివరి రైతు రసీదే వస్తోంది. పైథాన్ లాంబ్డా ఆ పేరున్న వేరియబుల్‌ని గుర్తుపెట్టుకుంటుంది, అప్పటి విలువని కాదు. లూప్ అయ్యేసరికి అందులో మిగిలేది చివరి రైతే. నెట్‌లో చూసి, లాంబ్డాకి డిఫాల్ట్ విలువగా నంబరు ఇచ్చాడు. ఇప్పుడు ఏ బటన్ నొక్కినా ఎవరి రసీదూ రావట్లేదు! ఎందుకంటే క్యూటీలో క్లిక్డ్ అనే సిగ్నల్ తనతోపాటు 'బటన్ నొక్కి ఉందా లేదా' అనే ఫాల్స్ విలువ ఒకటి పంపుతుంది. అది వచ్చి రైతు నంబరు కుర్చీలో కూర్చుంది. ఫాల్స్ అంటే 0. 0 నంబరు రైతు ఎవరూ లేరు.

ఇక్కడ కూడా జేబే దారి. క్యూటీలో ఏ బటన్‌కైనా సెట్‌ప్రాపర్టీ అని ఒక పేరు పెట్టి నంబరు తగిలించొచ్చు. క్లిక్ అయినప్పుడు ఏ బటన్ నుంచి వచ్చిందో సెండర్‌ని అడిగి, ఆ పేరుతో ప్రాపర్టీ చదవాలి. పేరులో ఒక్క అక్షరం తప్పు రాస్తే ఎర్రర్ రాదు, ఖాళీ వస్తుంది. అందుకని ఆ పేరుని ఒకచోట రాసుకుని అదే అన్నిచోట్లా వాడండి. ఇంకా ముఖ్యం, 'టెక్స్ట్' లాంటి పేరు పెట్టకండి. బటన్‌కి ఆ పేరుతో సొంత ప్రాపర్టీ ముందే ఉంది, బటన్ మీద 'రసీదు' పోయి '47' అని పడుతుంది.

తెలుగు సంగతి ఒకటి చెప్పాలి, ఇది నాకు ఇష్టమైన విషయం. కొట్టులో పనిచేసే అమ్మాయి మెనూలు తెలుగులో కావాలంది. న్యాయమే. మావాడు 'క్యాష్', 'క్రెడిట్' అని ఇంగ్లిష్‌లో ఉన్న డ్రాప్‌డౌన్‌ని 'నగదు', 'అప్పు' అని మార్చాడు. ఆ రోజు నుంచి అన్ని బిల్లులూ నగదుగా పడ్డాయి. కోడ్‌లో ఎక్కడో, తెర మీది మాట 'క్రెడిట్' అయితే అప్పుగా రాయి, లేకపోతే నగదు అని ఉంది. మాట మారింది, పోలిక తప్పింది. అదే జేబులో అప్పుకి ఒక కోడ్, నగదుకి ఒక కోడ్ పెట్టుకుని ఉంటే, బయట తెలుగులో రాసినా ఉర్దూలో రాసినా లోపల ఏమీ కదలదు. మన చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు తెలుగులోకి రావడానికి మొహమాటపడటం వెనక ఫాంట్లు, కీబోర్డుల గొడవే ఉందనుకుంటాం. తెర మీది ఇంగ్లిష్ మాటల్ని కోడ్ మధ్యలో పోల్చుకుంటూ రాసేయడమూ ఒక కారణమని నా అభిప్రాయం. అలాంటి ప్రోగ్రాంలో ఒక్క మాట అనువదిస్తే ఎక్కడ ఏ మేకు ఊడుతుందో ఎవరికీ తెలియదు.

ఫోన్ యాప్‌ల విషయం చెప్తానన్నాను. ఆండ్రాయిడ్‌లో తెర మీది ప్రతి వ్యూకీ సెట్‌ట్యాగ్ అని ఇదే జేబు ఉంది. తేడా ఒకటే. ఫోన్‌లో వెయ్యి పేర్ల లిస్టుకి వెయ్యి వరసలు తయారుచేయరు. తెర మీద పట్టేన్ని, ఇంకో కొన్ని చేసి వాటినే తిప్పి తిప్పి వాడతారు. పెళ్లి భోజనాల్లో బంతి లాగా: కుర్చీలవే, కూర్చునేవాళ్లు మారతారు. మీరు కిందికి జరిపితే పైన మాయమైన వరసే కొత్త పేరుతో కింద ప్రత్యక్షమవుతుంది, పాత ట్యాగ్ జేబులోనే పెట్టుకుని. కాబట్టి పేరు మార్చే చోటే ట్యాగ్ కూడా మార్చాలి. పేరు మార్చి ట్యాగ్ వదిలేస్తే, ముందటి బంతిలో వాళ్ల బిల్లు మీరు కట్టినట్టే.

కనిపించేదీ జేబులోదీ విడిపోయే ప్రమాదం డెస్క్‌టాప్‌లోనూ ఉంది. టైప్ చేయడానికి వీలుండే కాంబో బాక్స్ చూడండి. అందులో ఒక రైతుని ఎంచుకున్నాక, పేరు చెరిపి ఇంకో కొత్త పేరు టైప్ చేసి, ఎంటర్ కొట్టకుండా సేవ్ అన్నారనుకోండి. తెర మీద కొత్త పేరు ఉంటుంది, కరెంట్‌డేటాలో పాత రైతు నంబరే ఉండిపోవచ్చు. సేవ్ చేసేముందు రెండూ ఒకరివేనా అని సరిచూసుకోవాలి. లేదా ఖాతాల లాంటి చోట టైప్ చేసే వీలే తీసేయాలి. నేనైతే తీసేయమనే చెప్తాను.

రైతులు వేలల్లోకి పోతే ఒక్కో ఐటెమ్‌కీ జేబు కుట్టడం బరువవుతుంది. అప్పుడు క్యూటీలో మోడల్, వ్యూ అనే పద్ధతికి మారాలి. అక్కడ తెర అడుగుతుంది, మోడల్ జవాబిస్తుంది: ఈ గడిలో 0 నంబరు జేబులో ఏముంది, 256లో ఏముంది అని. మధ్యలో సార్ట్, ఫిల్టర్ చేసే ప్రాక్సీ మోడల్ పెట్టినా యూజర్‌రోల్ ప్రశ్న దాని గుండా సరైన రైతు దగ్గరికే పోయి తిరిగొస్తుంది. వరస నంబరు పట్టుకుని వెళ్తే మాత్రం ప్రాక్సీ దగ్గర దారి తప్పుతారు. తెరకి అది ఐదో వరస, అసలు మోడల్‌లో అది నూట పన్నెండో వరస కావొచ్చు.

మీ ప్రోగ్రాం ఒకటి చేతిలో ఉంటే ఇవాళే పరీక్షించండి, పది నిమిషాల పని. ఒకే పేరు, ఒకే ఇంటిపేరుతో ముగ్గుర్ని చేర్చండి. ముగ్గురికీ వేర్వేరు బాకీలు ఇవ్వండి, గుర్తుండేలా 1, 22, 333 అని. ఒక్కొక్కరి మీద క్లిక్ చేసి సరైన అంకె వస్తోందా చూడండి. టేబుల్ తలకట్టు మీద రెండుసార్లు నొక్కి సార్ట్ తిరగేసి మళ్లీ చూడండి. వెతికే పెట్టెలో రెండక్షరాలు టైప్ చేసి, లిస్టు చిన్నదయ్యాక మళ్లీ చూడండి. చివరగా చేర్చినవాడిని డిలీట్ చేసి, ఇంకొకరిని చేర్చి, కొత్తవాడి ఖాతా ఖాళీగా ఉందో లేదో చూడండి. తర్వాత కోడ్‌లో కరెంట్‌టెక్స్ట్, కరెంట్‌రో అనే మాటలు వెతకండి. దొరికిన ప్రతిచోటా, దాని మీద ఆధారపడి డేటాబేస్‌లో ఏదైనా రాస్తున్నారేమో చూడండి. మావాడి కోడ్‌లో అలాంటివి 9 దొరికాయి. మార్చడానికి ఒక సాయంత్రం పట్టింది. అప్పటికే తప్పుగా పడిన జమలు సరిచేయడానికి మాత్రం రసీదు పుస్తకాలన్నీ ముందేసుకుని మామా అల్లుళ్లు రెండు ఆదివారాలు కూర్చున్నారు.